ప్లాస్మా యంత్రం పక్కన కంప్యూటర్ ఎందుకు తడబడుతుంది?

(పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. ఎలక్ట్రానిక్స్)



మన లాలాపేట్‌కు ఒకవైపు నాచారం, మల్లాపూర్, ఇంకోవైపు మౌలాలి పారిశ్రామిక వాడలు ఉన్నాయి. ఇక్కడ చదివి ఐ.టి.ఐ.కో, పాలిటెక్నిక్‌కో వెళ్లినవారిలో కొందరికి మొదటి జీతం ఇచ్చింది ఆ షెడ్లే. ఇనుప పలకలను కోసే ప్లాస్మా యంత్రాలు ఇప్పుడు చిన్న షెడ్లలోకి కూడా వచ్చాయి. కంప్యూటర్ గీసిన దారిలో టార్చ్ కదులుతూ పలకను కోస్తుంది. అయితే ఒక్కోసారి బటన్ నొక్కగానే కంప్యూటర్ తెర బిగుసుకుపోతుంది. టార్చ్ దారి తప్పుతుంది. ఎవరూ తాకకుండానే లిమిట్ స్విచ్ తాకినట్టు చూపించి యంత్రం ఆగిపోతుంది. పలక చెడిపోతుంది.

మా నాన్న హెల్పర్‌గా పనిచేసిన ఒక షెడ్డులో ఇలా చెడిన పలక ఖరీదును ఆపరేటర్ జీతంలో కోశారు. ఆయన చేతిలో ఏ పొరపాటూ లేదు. కానీ కారణం ఏమిటో చెప్పగలిగినవాళ్లు అక్కడ లేరు. కారణం తెలియనిచోట నింద కిందివాడి మీదే పడుతుంది. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాడిని నేనే మొదటివాడిని. చదివిన చదువు ఇటువంటిచోట పనికిరావాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

నిప్పురవ్వే రేడియో

గాలి మామూలుగా కరెంటును పోనివ్వదు. బాగా వేడెక్కితే దాని అణువులు విడిపోయి కరెంటును మోయగలుగుతాయి. ఆ స్థితినే ప్లాస్మా అంటారు. కటింగ్ టార్చ్‌లో దాని వేడి సుమారు 20,000 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. ఇనుము 1,538 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి పలక ఇట్టే తెగుతుంది.

ఆ ఆర్క్‌ను వెలిగించడానికి చాలా యంత్రాలు ఒక చిటికెలో వేల వోల్టుల నిప్పురవ్వను పుట్టిస్తాయి. ఆ రవ్వలోని కరెంటు సెకనుకు పది, ఇరవై లక్షల సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఇది కొత్త విషయం కాదు. 1887లో హెర్ట్జ్ రేడియో తరంగాలను నిరూపించింది ఇటువంటి రవ్వతోనే. 1890 దశకంలో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ ప్రయోగాలు చేసిందీ, 1901లో మార్కోనీ అట్లాంటిక్ దాటించిందీ, 1912లో మునిగిపోతున్న టైటానిక్ ఓడ సహాయం కోరిందీ రవ్వ పుట్టించిన తరంగాలతోనే. రవ్వ ఒక్క స్టేషన్ మీద కాకుండా అన్ని స్టేషన్ల మీదా అరుస్తుంది. అందుకే రేడియో ప్రపంచం తరువాత దాన్ని వదిలేసింది. మన షెడ్డులో మాత్రం అది ఇంకా అరుస్తూనే ఉంది. టార్చ్ కేబులే దానికి ఏరియల్.

ఈ అల్లరినే ఇంజనీర్లు విద్యుదయస్కాంత అంతరాయం అంటారు. షెడ్డులో అందరూ ‘నాయిస్’ అంటారు. రవ్వ ఆరిపోయాక కూడా నాయిస్ పూర్తిగా పోదు. యంత్రంలోని ఇన్వర్టర్ కరెంటును సెకనుకు వేలసార్లు ఆపి వదులుతూ ఉంటుంది కాబట్టి కోత సాగినంతసేపూ కొంత ఉంటుంది.

ఎర్త్ తీగ ఉన్నా ఎందుకు చాలదు?

“ఎర్త్ ఇచ్చాం కదా, ఇంకేం కావాలి?” అని చాలామంది అడుగుతారు. అసలు విషయం ఇక్కడే ఉంది. ఏ తీగకైనా కొంత ఇండక్టెన్స్ ఉంటుంది. మీటరు తీగకు సుమారు 1 మైక్రోహెన్రీ అనుకోండి. మన ఇళ్లలోని 50 హెర్ట్జ్ కరెంటుకు అది చూపే అడ్డు 0.0003 ఓమ్ మాత్రమే, అంటే లేనట్టే. అదే తీగ 20 లక్షల హెర్ట్జ్ దగ్గర సుమారు 12.5 ఓమ్‌ల అడ్డు చూపిస్తుంది. పది మీటర్ల తీగ అయితే 125 ఓమ్‌లు. అందులో ఒక్క ఆంపియర్ రవ్వ కరెంటు పారినా తీగ రెండు కొనల మధ్య 125 వోల్టులు నిలుస్తాయి. కంప్యూటర్ నమ్ముకున్న సంకేతం 5 వోల్టులు. అది ఎలా తట్టుకుంటుంది?

అంటే షాక్ నుంచి మనిషిని కాపాడే ఎర్త్ తీగ, నాయిస్‌కు మాత్రం మూసిన తలుపులాంటిది. కరెంటు ఎప్పుడూ పుట్టినచోటికే తిరిగిపోవాలి. మనం దగ్గరి దారి చూపకపోతే అది కంప్యూటర్ గుండా దారి వెతుక్కుంటుంది.

మందు మూడు రకాలు

ఏ నాయిస్‌కైనా మూడే ఉపాయాలు: పుట్టుకను తగ్గించడం, దారిని అడ్డుకోవడం, బాధపడే పరికరాన్ని దూరం జరపడం. మూడవదానికి మన పక్కనే ఉదాహరణ ఉంది. ఉప్పల్ రోడ్డులోని ఎన్.జి.ఆర్.ఐ.లో 1964 నుంచి భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తున్నారు. ఆ క్షేత్రం ఇక్కడ 40 వేల నానోటెస్లాలకు కాస్త పైన ఉంటుంది. రోజులో అది మారేది పదుల నానోటెస్లాలే. చుట్టూ నగరం పెరిగి వాహనాలు, కరెంటు లైన్లు, 2017లో మెట్రో రైలు వచ్చాక అంత సన్నని మార్పును కొలవడం కష్టమవుతుంది. నగరాన్ని ఆపలేం కదా! ఆ సంస్థ విజయవాడ దారిలోని చౌటుప్పల్ దగ్గర మరో పరిశీలనా కేంద్రం నెలకొల్పింది. షెడ్డులో కంప్యూటర్‌ను అంత దూరం పంపలేం. కాబట్టి మిగతా రెండు ఉపాయాలే మనకు దిక్కు.

షెడ్డులో చేయదగిన పనులు

1. కొత్త యంత్రం కొనేటప్పుడు ఆర్క్ ఎలా వెలుగుతుందో అడగాలి. టార్చ్ లోపలి ఎలక్ట్రోడ్, నాజిల్ తాకి ఉండి, గాలి ఒత్తిడికి విడిపోతూ ఆర్క్ వెలిగే రకం ఉంది. దాన్ని బ్లో బ్యాక్ స్టార్ట్ అంటారు. వేల వోల్టుల రవ్వ దానికి అవసరం లేదు. కంప్యూటర్ టేబుల్‌కు ఇదే మేలు.

2. వర్క్ క్లాంప్‌ను రంగు, తుప్పు గీకి గట్టిగా బిగించాలి. దాని కేబుల్, టార్చ్ కేబుల్ వీలైనంత పక్కపక్కనే నడవాలి. పోయే కరెంటు, వచ్చే కరెంటు దగ్గరగా ఉంటే వాటి ప్రభావాలు చాలావరకు కొట్టుకుపోతాయి.

3. టేబుల్, కట్టర్, కంట్రోల్ పెట్టె ఎర్త్‌లను ఒకదాని నుంచి ఒకదానికి గొలుసుగా కట్టకుండా, ఒకే బిందువుకు తేవాలి. పొడవైన గుండ్రటి తీగ బదులు పొట్టిగా, వెడల్పుగా ఉండే రాగి అల్లిక పట్టీ వాడాలి. టేబుల్ దగ్గర వేరే ఎర్త్ రాడ్ వేస్తే దాన్ని భవనం ఎర్త్‌తో కలపాలి.

4. సంకేతాల తీగలు టార్చ్ కేబుల్‌కు కనీసం ఒక అడుగు దూరంలో ఉండాలి. దాటక తప్పకపోతే అడ్డంగా దాటాలి, వెంట నడవకూడదు. మిగిలిన టార్చ్ కేబుల్‌ను చుట్ట చుట్టి పెట్టకూడదు.

5. సంకేతాలకు మెలితిప్పిన, షీల్డ్ ఉన్న తీగలు వాడాలి. లిమిట్ స్విచ్‌లకు 5 వోల్టుల బదులు 24 వోల్టులు ఇస్తే చిన్న నాయిస్‌కు బెదరవు. యు.ఎస్.బి. కంటే ఈథర్‌నెట్ మంచిది, అందులో రెండువైపులా చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు అడ్డు ఉంటాయి.

ఇవి ఒక్కసారే కాకుండా ఒక్కొక్కటి మార్చి చూడాలి. అప్పుడే ఏది పనిచేసిందో తెలుస్తుంది.

నోట్‌బుక్కే సాక్షి

తమ్ముళ్లూ, అన్నిటికంటే చవకైన పరికరం పెన్ను. యంత్రం తప్పిన ప్రతిసారీ అది ఎప్పుడు తప్పిందో రాసి పెట్టండి. ఆర్క్ వెలిగిన క్షణంలోనే అయితే రవ్వను అనుమానించాలి. కోత మధ్యలో అయితే ఎర్త్, క్లాంప్, తీగల దారి చూడాలి. ప్లాస్మా ఆపి ఉత్తి టార్చ్‌నే అదే దారిలో నడిపించండి. అప్పుడు తప్పకపోతే ప్రోగ్రాంలోనూ, మోటార్లలోనూ దోషం లేనట్టే. నడిపే చేతిలోనూ లేనట్టే. ఈ నాలుగు వరుసలు చూపిస్తే ఏ యజమాని అయినా జీతం కోసే ముందు ఒక్కసారి ఆలోచిస్తాడు.

కొన్ని జాగ్రత్తలు మరువకండి. నాయిస్ పోతుందని ఎవరు చెప్పినా రక్షణ ఎర్త్‌ను తీసేయవద్దు. కట్టర్ డబ్బాను తెలిసిన టెక్నీషియనే విప్పాలి, కరెంటు ఆపాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత విద్యుత్తు ఉండవచ్చు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు డాక్టరును అడగకుండా ఈ యంత్రాల దగ్గరికి రాకూడదు.

ఓమ్ నియమం, ఇండక్టెన్స్ పరీక్షలో మార్కుల కోసమే అనుకుంటే అవి పరీక్షతోనే పోతాయి. షెడ్డులో ఒక మనిషి జీతం నిలబెట్టగలిగినప్పుడు అవి మన సొంతమవుతాయి. మన హాస్టల్ నుంచి ఏ షెడ్డుకు వెళ్లినా కారణం చెప్పగలిగినవారిగా వెళ్లాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.