బరిగె ఎవరి పిల్లల వీపు మీద పడ్తది?

విజయనగరం జిల్లాల ఒక సర్కారు బడి హెడ్మాస్టర్ పిల్లల ముందు గుంజీలు తీసిన వీడియో మీలో శానమంది సూసే ఉంటరు. 2025 మార్చిల ఫోన్లల్ల మస్తు తిరిగింది. పిల్లలకు సదువు సరిగ వస్తలేదు, మేం కొట్టరాదు, తిట్టరాదు అని బాధపడి ఆ సారు శిక్ష తనకు తానే ఏసుకున్నడు. మంత్రి లోకేశ్ సుత మెచ్చుకున్నడు. ఆ సారును నేనేం అనను. తన బాధ తాను చెప్పుకున్నడు, పిల్లగాండ్లను ముట్టలే. గని ఆ వీడియో సూసినంక ఊర్లె ఎవల నోట విన్నా ఒకటే మాట: "మా కాలంల సార్లు తోలు తీస్తుండె, గందుకే గింతటోళ్లమైనం."

గీ మాట అనేటోళ్లు ఎవలో జర సూడుండ్రి. సదువుల గట్టెక్కినోళ్లు. దెబ్బలకు తట్టుకోలేక బడి ఇడిసినోళ్లు గా ముచ్చట్ల ఉండరు. వాళ్లు గొర్ల ఎంబడి ఉన్నరు, బొంబాయిల మేస్త్రీ పని కాడ ఉన్నరు. నేను ఏడో తరగతిల బడి ఇడిసిన. ఎక్కాలు రాకుంటే సింతబరిగె, నోట్‌బుక్కు కొనకుంటే సింతబరిగె. ఆ తర్వాత సదివిందంత లైబ్రరీల, సంఘం ఆఫీసుల సదివిందే. నాతోటి ఇడిసిన ముగ్గురికి ఆ దారి సుత దొరకలే. బరిగె వల్ల బాగుపడ్డోళ్ల లెక్క చెప్పేటప్పుడు గీ ముగ్గురిని ఏ ఖాతాల రాద్దాం?

ఇంకో సంగతి. బరిగె అందరి మీద ఒక్కతీరుగ పడదు. సర్పంచ్ కొడుకు హోంవర్క్ చెయ్యకుంటే సారు ఇంటికి కబురు పంపుతడు. కూలోళ్ల బిడ్డ చెయ్యకుంటే చెయ్యి సాపుమంటడు. ఆ పిల్ల నిన్న పొద్దంత అవ్వ ఎంబడి పత్తి ఏరవోయింది, రాత్రి రాసుకుందామంటే ఇంట్ల తావు లేదు. తండా పిల్లలు ఇంట్ల లంబాడి మాట్లాడ్తరు. ఒకటో తరగతిల సారు చెప్పే తెలుగు వాళ్లకు సమజ్ కాదు, ఆ సమజ్ కాకపోవుడే తప్పయితది. "కండ్లు రెండు ఇడిసిపెట్టి తోలంత తీయుండ్రి సారూ" అని పిల్లగాన్ని అప్పజెప్పేది గూడ గిసొంటి ఇండ్ల నాయిననే. సదువు రావాలంటే గా ధర కట్టాలె అనుకుంటడు పాపం. సదువుకున్న తల్లిదండ్రులు మాత్రం కార్పొరేట్ బడిల పిల్లగాని మీద చెయ్యి పడితే తెల్లారి ప్రిన్సిపాల్ ముందల కూసుంటరు.

ఇగ చట్టం. కొట్టొద్దనే రూల్ ఈ నడుమనే వచ్చిందనుకుంటరు శానమంది. ఉమ్మడి రాష్ట్రంల 2002 ఫిబ్రవరి 18 నాడే జీవో 16 వచ్చింది. 1966 నాటి విద్యా రూల్సుల 122వ రూలును మార్చి, అన్ని విద్యాసంస్థలల్ల దండన బంద్ అన్నది. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యా హక్కు చట్టం అమల్లకు వచ్చింది. దాని సెక్షన్ 17 రెండు సంగతులు చెప్తది: పిల్లలను కొట్టొద్దు, మానసికంగ వేధించొద్దు. రెండోది ఎవ్వరు పట్టించుకోరు. 2009ల కడప జిల్లా మైదుకూరుల ఒక బడిల, తెలుగు మాట్లాడిన్రని పిల్లల మెడల ఇంక ఎన్నడు తెలుగు మాట్లాడం అనే రాతతోటి పలకలు ఏలాడదీసిన్రు. ఒక్క దెబ్బ పడలే. అది శిక్ష కాదంటరా? ఫీజు కట్టలేదని ఎండల నిలవెట్టుడు, "నీ మొకానికి సదువెందుకు" అనుడు, కులం పేరు పెట్టి పిలుసుడు, ఇవి సుత గదే లెక్కల వస్తయి.

చట్టంల సందులు లేవని కాదు. సెక్షన్ 17 జైలు మాట చెప్పదు, సర్వీసు రూల్స్ ప్రకారం చర్య తీసుకోవాలంటది. ప్రైవేటు బడిల సర్వీసు రూల్స్ అంటే యాజమాన్యం ఇష్టం. లొల్లి అయితే నెల జీతానికి పనిచేసే టీచర్‌ను తీసేస్తరు, ర్యాంకుల కోసం ఒత్తిడి పెట్టినోడు గట్లనే కుర్చీల ఉంటడు. ఈ చట్టంల పిల్లలంటే 6 నుంచి 14 ఏండ్లోళ్లు. ఇంటర్ హాస్టళ్ల పిల్లలు ఆ సెక్షన్ కిందికి రారు. గాయమైతే మాత్రం ఏ వయసు పిల్లలకైనా పోలీసు కేసు పెట్టొచ్చు.

2009-10ల జాతీయ బాలల హక్కుల కమిషన్ ఏడు రాష్ట్రాలల్ల 6,632 మంది పిల్లలను అడిగితే, ఏ శిక్షా పడలేదన్నోళ్లు 9 మంది. తొమ్మిది వందలు కాదు, తొమ్మిది మంది.

సార్ల బాధ నాకు తెల్వదా? ప్రైమరీల 30 మంది పిల్లలకు ఒక టీచర్ ఉండాలని గదే చట్టం చెప్తది. కొన్ని ఊర్లల్ల ఒక్క సారే ఐదు తరగతులు సూసుకుంటడు, మధ్యల బియ్యం లెక్క, ఫోన్ల హాజరు. లొల్లి ఆపనీకి బరిగె దగ్గరి దారి. లొల్లి ఆగుతది, నిజమే. భాగారం వస్తదా? బుగులుకు పక్కోని పలకల సూసి రాస్తడు. బరిగె గుంజుకున్న సర్కారు దాని జాగల ఇంకో టీచర్‌ను ఇయ్యలే. సార్ల సంఘాలు బరిగె అడుగుడు ఇడిసిపెట్టి గా టీచర్‌ను అడిగితే, మేం సుత ఎంబడి ధర్నాల కూసుంటం.

ఈలోపల మీ తమ్ముడో చెల్లెనో వాతలతోటి ఇంటికొస్తే ఏం చెయ్యాలె? అవ్వ నాయినలకు రాయొస్తలేదు, మీకొస్తది. ముందుగాల వాతల ఫోటో తీయుండ్రి. దవాఖానకు పోతే చీటి పదిలం. ఏ తారీఖు, ఏ తరగతి, ఏం జరిగింది అని తెల్లకాయితం మీద రాసి ఎంఈవో ఆఫీసుల ఇచ్చి, నకలు మీద ముద్ర ఏపిచ్చుకోండ్రి. సెక్షన్ 32 ప్రకారం స్థానిక అధికారులు మూడు నెలలల్ల తేల్చాలె, తేల్చకుంటే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు పోవొచ్చు. అర్జెంటయితే 1098కు ఫోన్ కొట్టుండ్రి, పైసలు పడయి. "టీసీ చేతికిస్తం" అని బడోళ్లు బెదిరిస్తరు. కేసు పెట్టినందుకు పిల్లగాన్ని ఎల్లగొట్టే హక్కు వాళ్లకు లేదు, సెక్షన్ 16 సూపెట్టుండ్రి. ఎనిమిదో తరగతి అయ్యేదాక ఏ పిల్లగాన్ని బడిల నుంచి తీసెయ్యరాదని అండ్ల రాసున్నది.