నడుము నొప్పి నుదుటి రాత కాదు

సోలాపూర్ పూర్వభాగ్‌లో అశోక్ చౌక్, సాఖర్‌పేట, దత్తనగర్ ఎటు తిరిగినా తెలుగు చెవిన పడుతుంది. ఆ మాటల వెనకాలే మరమగ్గాల టకటక. కరీంనగర్, నల్లగొండ, వరంగల్, మహబూబ్‌నగర్ వైపు నుంచి తరాల కిందట పొట్ట చేత పట్టుకుని వచ్చిన మన పద్మశాలీల శ్రమతోనే సోలాపూర్ చద్దరుకు దేశమంతటా పేరు వచ్చింది, భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఆ చద్దరు గురించి మనవాళ్ళు చాలానే రాసుకున్నారు. దాన్ని నేసిన నడుము గురించి రాసుకున్నది తక్కువ.

గుంటమగ్గం మీద కూర్చున్న మనిషి రోజంతా ముందుకు వంగే ఉంటాడు. కాళ్ళు గుంటలో తొక్కుతూ ఉంటాయి, భుజాలు నాడెతో పాటు ఆడుతూ ఉంటాయి. మరమగ్గం వచ్చాక కూర్చునే బాధ తప్పింది గానీ గచ్చు మీద పది పన్నెండు గంటలు నిలబడే బాధ వచ్చింది. ఇక ఇంట్లో ఆడవాళ్ళు చాట ఒళ్ళో పెట్టుకుని మెడ వంచితే వెయ్యి బీడీలు పూర్తయ్యేదాకా ఎత్తరు. కూలి లెక్క వెయ్యికి కదా! నలభై ఏళ్ళకే మెడ, నడుము, మోకాళ్ళు పట్టేస్తే "మన పనే అంత" అని సరిపెట్టుకుంటాం.

నడుము పట్టేస్తే సాధారణంగా మన ఇళ్ళలో జరిగేవి రెండు. ఒకటి, వారం పది రోజులు మంచం దిగనివ్వరు. రెండు, సూది మందు వేయించుకుని మర్నాడే మగ్గం ఎక్కుతారు. రెండూ మంచివి కావు. 1995లో ఫిన్లాండులోని హెల్సింకీ నగర పాలక సంస్థ ఉద్యోగుల్లో కొత్తగా నడుము నొప్పి వచ్చిన 186 మందిని మూడు గుంపులు చేసి చూశారు. ఒక గుంపుకు రెండు రోజులు పూర్తిగా పడక, ఇంకో గుంపుకు నడుము వ్యాయామాలు, మూడో గుంపుకు ఓర్చుకోగలిగినంత మేరకు మామూలు పనులు. అందరికన్నా ముందు కోలుకున్నది మూడో గుంపువాళ్ళు. అందరికన్నా వెనకబడినవాళ్ళు మంచం పట్టినవాళ్ళే! అప్పటినుంచి ప్రపంచమంతటా వైద్యుల సలహా ఈ దారికే మళ్ళింది. అయితే కాళ్ళు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మల మూత్రాల మీద పట్టు తప్పినా ఈ మాట వర్తించదు. అప్పుడు ఒక్క రోజు కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

నొప్పి వచ్చాక మాన్పడం ఒక ఎత్తు, రాకుండా పనినే మార్చడం ఇంకో ఎత్తు. దీనికి మన చేనేత కుటుంబాల్లోనే గొప్ప ఉదాహరణ ఉంది. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారి తల్లి లక్ష్మి గారు చీరలకు ఆసు పోసేవారు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు ఇటూ అటూ తిరగాలి, రోజుకు రెండు చీరలంటే 18,000 సార్లు. తల్లి భుజం, మోచెయ్యి నొప్పి చూడలేక ఆయన ఏళ్ళ తరబడి తంటాలు పడి, అప్పులపాలై, 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఆయన పెద్ద చదువులు చదివినవారు కారు. తల్లి భుజం ఎందుకు నొస్తోందో దగ్గరగా చూశారు, అంతే. పరిశోధన అంటే నాకు తెలిసి అదే.

పెద్ద దెబ్బల సంగతి వేరు. పునరావాసం అనగానే మనకు ప్రాజెక్టుల కింద మునిగిన ఊళ్ళు గుర్తొస్తాయి. వైద్యంలో ఆ మాటకు అర్థం, దెబ్బ తిన్న మనిషిని మళ్ళీ తన పనిలోకి, తన ఇంట్లోకి తీసుకురావడం. యంత్రంలో చెయ్యి నలిగితే కుట్లు వేయడంతో వైద్యం సగమే అయినట్టు. కదలిక లేకపోతే లోపలి నరాలు, కండర తాళ్ళు అతుక్కుపోయి వేళ్ళు బిగుసుకుంటాయి. ఎప్పటినుంచి, ఎంత కదిలించాలో ఫిజియోథెరపిస్టు చెప్పాలి. చూసి చూసి చెయ్యి మడవడం మానేసి, ఆరు నెలల తర్వాత వెళితే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? విచిత్రమేమంటే, మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల చేతులకు పట్టు రావడానికి పాశ్చాత్య దేశాల ఆసుపత్రుల్లో చేమగ్గాలు పెట్టి నేయించారు. మనకు నొప్పి తెచ్చిన మగ్గమే వాళ్ళకు మందయింది!

వెన్నుపాము దెబ్బతింటే ఒకప్పుడు ఆశ వదులుకునేవారు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో డాక్టర్ గుట్‌మాన్ పడక పుండ్లు పడకుండా రోగిని రెండేసి గంటలకు పక్క మార్పించడంతో మొదలుపెట్టి, వాళ్ళ చేత ఆటలు కూడా ఆడించారు. మన దేశంలో వెల్లూరు డాక్టర్ మేరీ వర్గీస్‌కు 1954లో వాహన ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడింది. ఆవిడ చక్రాల కుర్చీలోనే కూర్చుని కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు, అమెరికాలో శిక్షణ పొంది వచ్చి వెల్లూరులో పునరావాస కేంద్రాన్ని నిలబెట్టారు. ఆ పక్క మార్చే పని మాత్రం నేటికీ ఇంట్లోవాళ్ళదే. రాత్రి పూట వంతులు వేసుకుంటేనే సాగుతుంది, అదంతా ఇల్లాలి ఒక్కదాని నెత్తిన వేయకూడదు.

సోలాపూర్‌వాళ్ళకు ముంబయి దూరమేం కాదు, రాత్రి సిద్ధేశ్వర్ ఎక్కితే తెల్లవారేసరికి దిగుతాం. అక్కడ హాజీ అలీ దగ్గర 1955లో మొదలైన అఖిల భారత ఫిజికల్ మెడిసిన్, పునరావాస సంస్థ ఉంది. కేంద్ర ప్రభుత్వానిది. కృత్రిమ అవయవాలు, ఫిజియోథెరపీ, చేతి పనుల శిక్షణ అన్నీ ఒకే చోట. వెళ్ళేటప్పుడు ఎక్స్‌రేలు, ఆసుపత్రి విడుదల కాగితాలు, ఆధార్ తీసుకెళ్ళండి. డాక్టరు గారు "ఏం పని చేస్తావు?" అని అడిగితే "మగ్గం" అని ఊరుకోకండి. ఎన్ని గంటలు నిలబడతారో, ఏ చేత్తో పోగు అతుకుతారో, ఎంత బరువు ఎత్తుతారో కూర్చుని చూపించి మరీ చెప్పండి. ఏ వ్యాయామం ఇవ్వాలన్నది దాన్నిబట్టే వాళ్ళు నిర్ణయిస్తారు.