వెలుగు తెలిసిన దర్శకుడు

సినిమా చూసి వచ్చిన తరువాత మనం తారలను గురించీ, పాటలను గురించీ వారం రోజులు చెప్పుకుంటాము. ఆ ముఖాల మీద వెలుగు నిలిపినవారి పేరు మాత్రం ఎవరమూ అడగము. అటువంటివారిలో ఒకరైన జాక్ కార్డిఫ్‌ను ఈ నెల మా పాఠకులకు పరిచయం చేస్తున్నాము.

ఆయన 1914లో ఇంగ్లండులోని గ్రేట్ యార్మత్ అనే రేవుపట్టణంలో జన్మించారు. తల్లిదండ్రులు ఊరూరా తిరిగి వినోద ప్రదర్శనలిచ్చేవారు. అందుచేత పిల్లవాని చదువు ఏ బడిలోనూ నిలవలేదు. పసితనంలోనే తెరమీద కనిపించి, తరువాత కెమెరా పక్కన చేరారు. టెక్నికలర్ సంస్థవారు శిక్షణకు మనిషిని ఎంచుకునేటప్పుడు, తనకు లెక్కలు రావని ఆయన దాచకుండా చెప్పారు. చిత్రకారులు వెలుగును ఎలా పట్టుకున్నారో మాత్రం ఎరుగుదునన్నారు. అవకాశం ఆయనకే వచ్చింది!

1947 నాటి 'బ్లాక్ నార్సిసస్' కథ హిమాలయాలలో జరుగుతుంది. కాని దానికోసం చిత్రబృందం మన దేశానికి రానేలేదు. లండను సమీపాన పైన్‌వుడ్ స్టూడియోలో, బొమ్మగీసిన కొండల మీద, కార్డిఫ్ దీపాలతో ఉదయాలూ సాయంకాలాలూ సృష్టించారు. అందులో నటించిన సాబూ మన మైసూరు సీమవాడే. ఆ ఛాయాగ్రహణానికి ఆస్కార్ బహుమానం లభించింది.

ఆపైన దర్శకత్వం మీదికి మనసు పోయింది. 1953లో 'విలియం టెల్' కథ మొదలుపెడితే, డబ్బు చాలక అది మధ్యలోనే ఆగిపోయింది. అయినా వదలలేదు. 1960లో లారెన్స్ నవల 'సన్స్ అండ్ లవర్స్'ను చిత్రంగా తీశారు. గని కార్మికుని ఇంట్లో తల్లీ కొడుకుల కథ అది. ఆస్కార్ పరిశీలనకు ఏడు శాఖలలో ఎంపికయింది; దర్శకత్వం వాటిలో ఒకటి. చివరకు దక్కినది ఒక్కటే, ఛాయాగ్రహణానికి. అదీ ఆయనకు కాదు, ఆ చిత్రానికి కెమెరా పట్టిన ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్‌కు!

మరికొన్ని చిత్రాలకు దర్శకత్వం వహించిన తరువాత కార్డిఫ్ మళ్ళీ కెమెరా దగ్గరకే వచ్చారు. 1978 నాటి 'డెత్ ఆన్ ది నైల్' ఛాయాగ్రహణం ఆయనదే. 2001లో గౌరవ ఆస్కార్ అందుకుని, 2009లో 94వ యేట కన్నుమూశారు.

పెద్ద కుర్చీ ఎక్కినవారు పాత పనిముట్టు మళ్ళీ పట్టటానికి చిన్నతనపడటం మనం చూస్తూనే ఉంటాము. ఈయన పడలేదు. అన్నం పెట్టిన విద్య దగ్గరకు తిరిగి రావటం ఓటమి కాదని మా నమ్మకం. ఈసారి సినిమాకు వెళ్ళినప్పుడు, పేర్లు పడేవేళ ఛాయాగ్రాహకుని పేరు కూడా చదవండి.