ఆటపాటలలో భక్తి పాఠములు

ధనుర్మాసము వచ్చినదని తెలియుటకు కృష్ణా డెల్టా గ్రామములలో పంచాంగము చూడనక్కరలేదు. వేకువనే ముంగిట కళ్ళాపి చల్లి, ముగ్గు తీర్చి, ఆవుపేడతో చేసిన గొబ్బెమ్మల నందులో నుంచి, వాటి తలపై గుమ్మడిపూవు గుచ్చుదురు. ఆడపిల్లలు చప్పట్లు చరచుచు చుట్టును తిరిగి పాడుదురు. గొబ్బెమ్మలు గోపికలని, నడుమనున్న పెద్దది గౌరీదేవి యని కొందరు, గోదాదేవి యని కొందరు చెప్పుదురు. ఐదేండ్ల పిల్లకు ఇదంతయు కూర్చుండబెట్టి బోధింపనక్కరలేదు. నాలుగు దినములు పెద్దపిల్లల వెంట తిరిగినచో పాట నోటికి వచ్చును, పాట వెంట కృష్ణుని కథయు వచ్చును.

ఇందలి కిటుకు చేతులలో నున్నది. మాట మరచినను చప్పట్లు ఆగవు. ఆ తాళమే తరువాతి మాటను లాగి తెచ్చును. పాట ముగిసిన పిదప ఆ పేడముద్దలే పిడకలై, దండగా గ్రుచ్చబడి, భోగినాడు మంటలో పడును. తాము చేసి పూజించిన దానిని తామే సాగనంపుట పెద్దలకే కష్టమైన పాఠము. పిల్లలు దానిని కేరింతలతో నేర్చుకొందురు!

ఇది ఒక మతమువారి సొత్తు కాదు. క్రైస్తవ కుటుంబములలో ప్రార్థనవేళ పాడుకొను ఆంధ్ర క్రైస్తవ కీర్తనలకును రాగతాళములు పేర్కొనబడి యుండును. పురుషోత్తమ చౌదరి వంటివారు 19వ శతాబ్దములోనే మన బాణీలలో కీర్తనలు రచించిరి. ఆ యిండ్ల పిల్లలును తాళము వేయుచునే నేర్చుకొనిరి.

ఇక మా రేడియో సంగతి. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైనది. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు ఇచ్చట పనిచేసిన కాలమున రూపుదిద్దిన భక్తిరంజని ఎన్నో యిండ్లలో ఉదయపు కాఫీతో కలిసిపోయినది. పిల్లలు దానిని వినియే కీర్తనలు పట్టుకొనిరని తల్లులు చెప్పినప్పుడు మాకు సంతోషమే. కాని పిల్లవాడు మధ్యలో "అంటే ఏమిటి?" అని అడిగినచో పాడువారు ఆగరు. ఆగవలసినది ప్రక్కనున్న పెద్దలు. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లలకు పాటలు వినిపించి ఊరకొనలేదు. పిల్లలచేతనే మైకు ముందు పాడించిరి. ఇంటిలోనూ అంతే, వినుట సగమే.

పిల్లల ప్రశ్నలు ఎంత దూరము పోవునో నాకు తెలిపినది వైకుంఠపాళి. ఈ పటమున నిచ్చెనలకు భక్తి, జ్ఞానము, వైరాగ్యము వంటి పేర్లును, పాములకు నరకాసురుడు, దుర్యోధనుడు వంటి పేర్లును ఉండును. ముద్రణనుబట్టి ఇవి కొంత మారును. 19వ శతాబ్ది చివర ఈ ఆట ఆంగ్లదేశమునకు పోయి, క్రమముగా కథలు రాలిపోయి, అంకెలు మిగిలిన వట్టి పాములు నిచ్చెనల ఆట అయినది. మన పిల్లలును నేడు ఎక్కువగా దానినే ఆడుచున్నారు.

మా అమ్మాయికి ఏడేండ్లప్పుడు, వైకుంఠమునకు రెండు గళ్ళ దూరములో దాని కాయ పాము నోట పడినది. "నాన్నగారూ, నేనేం తప్పు చేశాను? గవ్వలే కదా అలా పడ్డాయి!" అని ఏడ్చినది. కళాశాలలో తత్త్వశాస్త్రము చదివిన నాకు సమాధానము తోచలేదు. మా అమ్మ గవ్వలు ప్రక్కన పెట్టి, "నువ్వేం తప్పూ చెయ్యలేదమ్మా. ఇందాక తమ్ముడి కాయ కిందకి దిగినప్పుడు వాడు మాత్రం ఏం చేశాడు? ఎంత నవ్వావో గుర్తుందా?" అన్నది. పిల్ల ఏడుపు మాని తమ్ముని వంక చూచినది.

అప్పటినుండి మా యింట ఒక నియమము. పాము నోట పడినవారు ఆ పేరుగలవాని కథ చెప్పవలెను. నిచ్చెన ఎక్కినవారు ఆ గుణము ఇంటిలో ఎవరియందు చూచిరో చెప్పవలెను. చెప్పలేకపోయినచో శిక్ష లేదు. ప్రక్కవారు అందింతురు. భయపెట్టి చెప్పిన నరకము పిల్లలకు పీడకలగా మిగులునే గాని పాఠము కాదు.

ఇట్లు ఆడినచో ఆట భోజనముల వేళకు ముగియదు. గవ్వలు, కాయలు ఎక్కడివక్కడనే యుంచి, పటముపై పెద్ద పళ్ళెము బోర్లించి లేతుము. మరునాటి సాయంకాలము పళ్ళెము తీయు వంతు ఎవరిదన్నది మా యింట ఇంకను తెగని తగవు.