బియ్యం కడుగునీళ్ళు, కొత్తిమీర కాడలు: రెడ్‌మండ్‌లో మా లాక్‌డౌన్ పొదుపు

అమెరికాలో కరోనా భయం అందరికంటే ముందు మా పక్క ఊళ్ళోనే మొదలైంది. మేముండే రెడ్‌మండ్‌ని ఆనుకునే కర్క్‌లాండ్ ఉంటుంది. 2020 ఫిబ్రవరి 29న అక్కడి ఆసుపత్రిలో ఒకరు కరోనాతో చనిపోయారని ప్రకటించారు. దేశంలో అదే మొదటి మరణమని అప్పట్లో అన్నారు. మార్చి 4న మైక్రోసాఫ్ట్ ఇక్కడి ఉద్యోగులను ఇంటినుంచే పనిచేసుకోమంది. తర్వాత బడులు మూతపడ్డాయి. మార్చి 23న గవర్నర్ జే ఇన్‌స్లీ టీవీలో కనబడి అందరూ ఇంట్లోనే ఉండాలని ఉత్తర్వు చెప్పారు. మార్చి 25 నుంచి మన దేశం కూడా లాక్‌డౌన్‌లోకి వెళ్ళింది. ఇక్కడ మేము, అక్కడ మావాళ్ళు, రెండు రోజుల తేడాతో గడప లోపలే ఉండిపోయాం.

మా ఇంట్లో అప్పటికి ఐదుగురం. మా వారు, నేను, మూడో తరగతి చదివే మా అమ్మాయి, నాలుగేళ్ళ మా బాబు, కొవ్వూరు నుంచి డిసెంబరులో వచ్చిన మా అత్తయ్య. ఆవిడ తిరుగు టికెట్ మార్చి 28కి ఉంది. మార్చి 22 నుంచి ఇండియా అంతర్జాతీయ విమానాలు ఆపేసింది. మామయ్య కొవ్వూరులో ఒక్కరే ఉన్నారు. పొయ్యి వెలిగించడం తప్ప వంటింట్లో ఇంకేమీ తెలియని మనిషి.

మా వారిది కాంట్రాక్టు ఉద్యోగం. ఏప్రిల్ నుంచి జీతం తగ్గించారు. ప్రాజెక్టు పొడిగిస్తారో లేదో ఎవరూ చెప్పలేదు. హెచ్1 మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోతే 60 రోజుల గడువు. ఆలోగా ఇంకో ఉద్యోగం దొరకాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. విమానాలే లేనప్పుడు పెట్టె సర్దుకుని ఎక్కడికి వెళ్తాం? ఆ ప్రశ్న మా ఇద్దరి మధ్యా ప్రతి రాత్రీ ఉండేది, పిల్లలు నిద్రపోయాక. నాది హెచ్4. పనిచేయడానికి అనుమతి లేదు. ఒక్క డాలర్ సంపాదించే వీలు నాకు లేదు కానీ, ఖర్చుని పట్టి ఆపే అధికారం మాత్రం పూర్తిగా నాదే.

ముందు వంటిల్లు

మొదట చేసిన పని పాత బిల్లులన్నీ తీసి కూర్చోవడం. ఫిబ్రవరిలో సరుకులకు 540 డాలర్లు, బయట తిండికి 240, మొత్తం 780 అయ్యాయి. బయట తిండి ఎలాగూ ఆగిపోయింది. సరుకుల దగ్గర అసలు చిక్కు వచ్చింది. ఇండియన్ షాపులో సోనా మసూరి ఇంటికి ఒక బస్తా మాత్రమే అని బోర్డు పెట్టారు. ఏప్రిల్ మొదట్లో మన దేశంలో కూలీలు, రవాణా లేక బియ్యం వ్యాపారులు కొత్త ఎగుమతులు ఒప్పుకోవడం లేదని వార్తలు వచ్చాయి. ఆ రోజు వాట్సాప్ గుంపుల్లో జనం చేసిన హడావుడి మీకూ గుర్తుండే ఉంటుంది.

మేము బియ్యం నిలవ చేయడానికి పరుగెత్తలేదు. రోజూ ఎంత వండుతున్నామో, ఎంత మిగులుతోందో వారం పాటు కాగితం మీద రాశాను. రోజుకు దాదాపు ఒక గిన్నెడు అన్నం మిగులుతోంది. అత్తయ్య చూసి, “అమ్మాయ్, మిగలకుండా వండటం కాదు, మిగిలిందానికి పని చూపించాలి” అన్నారు. రాత్రి మిగిలిన అన్నంలో పాలు పోసి తోడేస్తే పొద్దున్నే పెరుగన్నం తయారు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకుంటే ఇంకేమీ అక్కర్లేదు. మా పిల్లలు సీరియల్ డబ్బాలు మర్చిపోయింది అలాగే.

ఇవి మా ఇంట్లో పనికొచ్చిన పద్ధతులు:

కొత్తిమీర కాడల్ని పారేయకుండా చారులో, చట్నీలో వేశాం. రుచి ఆకులో కంటే కాడలోనే ఎక్కువ.

బీరకాయ చెక్కు, సొరకాయ చెక్కు పచ్చళ్ళయ్యాయి. పుచ్చకాయ తెల్ల భాగం కందిపప్పులో వేస్తే దోసకాయ పప్పుకి చెల్లెల్లా ఉంటుంది. కాలీఫ్లవర్ కాడలు సాంబారులోకి వెళ్ళాయి.

పెరుగు కొనడం మానేశాం. ఇక్కడి చలికి పెరుగు తోడుకోదు, ఇడ్లీ పిండి పులవదు అని చాలామంది అనుకుంటారు. పిండి పులిసేది అందులోని సూక్ష్మజీవుల వల్ల. వాటికి 30 డిగ్రీల సెల్సియస్ వేడి హాయిగా ఉంటుంది. మన ఇళ్ళలో 20 డిగ్రీలే ఉంటుంది. ఒవెన్ వెలిగించకుండా లోపలి లైటు ఒక్కటి వేసి గిన్నె పెడితే చాలు, ఆ బల్బు వేడికే తెల్లారేసరికి పిండి పొంగుతుంది.

ఏప్రిల్ 3న గుడ్డ మాస్కులు కట్టుకోమని ప్రభుత్వం చెప్పినప్పుడు అత్తయ్య తన పాత నేత చీర ఒకటి చింపి చేత్తో కుట్టేశారు. ఐదుగురికీ మూడేసి వచ్చాయి.

మే నెల బిల్లులన్నీ కూడితే 510 డాలర్లు. అంటే ఫిబ్రవరి కంటే 270 తక్కువ.

పెరట్లో మడి

మాది అద్దె టౌన్‌హౌస్. వెనక చిన్న పెరడు. ఇంటి ఓనర్‌ని అడిగితే, నేల తవ్వకుండా పైన ఏం పెట్టుకున్నా ఫర్వాలేదన్నారు. ఎలాగూ మా నేల తవ్వినా లాభం లేదు. వేల ఏళ్ళ కిందట ఈ ప్రాంతమంతా మంచు పలకల కింద ఉండేది. ఆ బరువుకి రాయీ మన్నూ కలిసి గట్టిపడిన పొర అడుగు, రెండడుగుల లోతులోనే తగులుతుంది. నీరు దిగదు, వేరు దిగదు. అందుకని పాత చెక్కలతో రెండు మడులు కట్టి, కంపోస్టు మట్టి పోశాం. మిగతావన్నీ పెరుగు డబ్బాలు, పాల క్యాన్లు, అడుగున చిల్లులు పెట్టిన బకెట్లు.

ఆ వసంతంలో అందరికీ ఇదే ఆలోచన వచ్చింది. పేరున్న విత్తనాల కంపెనీలే తాకిడి తట్టుకోలేక కొన్నాళ్ళు ఇంటితోటల వాళ్ళ ఆర్డర్లు ఆపేశాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో దాదాపు 2 కోట్ల ‘విక్టరీ గార్డెన్లు’ వేశారని, దేశంలో తాజా కూరగాయల్లో సుమారు 40 శాతం వాటినుంచే వచ్చేవని చెబుతారు. కష్టకాలంలో మనిషి చూపు మట్టి మీదికే వెళ్తుందేమో.

విత్తనాలు దొరక్కపోతే మన పోపుల డబ్బా ఉండనే ఉంది. మెంతులు ఒక రాత్రి నానబెట్టి చల్లితే నాలుగో రోజుకి మొలకలు, నాలుగు వారాలకి కూర. ధనియాలు మాత్రం అలాగే చల్లకూడదు. ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి. చపాతీ కర్రతో మెల్లగా రెండుగా విడదీసి చల్లితే మొలకలు బాగా వస్తాయి. పుదీనా కాడలు గ్లాసు నీళ్ళలో పెడితే వారంలో వేళ్ళు వేస్తాయి. బచ్చలి తీగ ముక్కా అంతే. ఉల్లికాడల వేళ్ళున్న అడుగు భాగం పాతితే మళ్ళీ చిగురిస్తుంది. గోంగూర, తోటకూర విత్తనాలు టెక్సాస్‌లో ఉన్న మా చెల్లెలు తన తోటలోవే పోస్టులో పంపింది.

విత్తనాల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఇండియా నుంచి ఎవరైనా వస్తుంటే విత్తనాలు, కరివేపాకు తెమ్మనడం మనకు అలవాటు. అనుమతి పత్రాలు లేకుండా విత్తనాలు తేవడం ఇక్కడ నేరం. పచ్చి కరివేపాకు మీద నిమ్మజాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగు రావచ్చు. 2020 జూలైలో ఎవరూ అడక్కుండానే చైనా నుంచి విత్తనాల పొట్లాలు ఇక్కడి ఇళ్ళకు వస్తే, వాటిని నాటవద్దని మా రాష్ట్ర వ్యవసాయశాఖ హెచ్చరించింది కూడా.

పగటి పొడుగు కథ

నేను బీఎస్సీలో వృక్షశాస్త్రం చదివాను. పెళ్ళయ్యాక ఆ పుస్తకాలతో పని పడలేదు. ఈ వేసవిలో మాత్రం ఒక పాఠం కళ్ళముందు నిలబడింది. మొక్క ఎప్పుడు పూయాలో చాలావరకు పగటి పొడుగుని బట్టి నిర్ణయించుకుంటుంది. కొవ్వూరులో ఎంత వేసవి అయినా పగలు 13 గంటలు దాటి కాస్త ఉంటుంది. రెడ్‌మండ్‌లో జూన్ మూడో వారంలో దాదాపు 16 గంటలు. పొడుగు పగలు చూడగానే కొత్తిమీర, పాలకూర పూతకు వెళ్ళిపోతాయి, ఆకు చిన్నదై చేదెక్కుతుంది. అందుకే వీటిని మార్చి, ఏప్రిల్‌లో ఒకసారి, ఆగస్టు చివర మరోసారి వేసుకోవాలి. మధ్యలో కావాలంటే నీడపట్టున, రెండు వారాలకొకసారి గుప్పెడు చల్లాలి.

గోంగూర సరిగ్గా దీనికి వ్యతిరేకం. అది పగలు తగ్గితేనే పూస్తుంది. కాబట్టి ఇక్కడ వేసవి అంతా పూత ఊసెత్తకుండా ఆకే ఇస్తుంది. దానికి కావలసింది వెచ్చదనం. ఏప్రిల్‌లో ఫ్రిజ్ పైన నారు పోసి, రాత్రి వేడి 10 డిగ్రీల సెల్సియస్ పైన నిలబడ్డాక, అంటే జూన్ మొదట్లో, దక్షిణపు గోడవారగా నల్ల కుండీల్లో నాటాం. పగలంతా గోడ తాగిన వేడి రాత్రి మొక్కకు అందుతుంది. కొస తుంచుతూ ఉంటే పక్క కొమ్మలు వేస్తుంది. ఆరు మొక్కలు మాకు సెప్టెంబరు దాకా పచ్చడి పెట్టాయి.

ఇక్కడ జూలై, ఆగస్టుల్లో వాన దాదాపు పడదు. బియ్యం, పప్పు కడిగిన నీళ్ళన్నీ ఒక బకెట్‌లో పట్టి సాయంత్రం మొక్కలకు పోశాం. అందులో ఎరువు బలం ఏమంత ఉండదు, నీటి బిల్లు మాత్రం తగ్గుతుంది. ఏ రోజు నీళ్ళు ఆ రోజే పోయాలి, లేకపోతే పులిసి వాసనొస్తుంది. గుల్ల లేని నత్తల్ని రాత్రి ఫోన్ లైటు వేసి ఏరడం మా అమ్మాయి పని. కుందేళ్ళకు కోళ్ళగూటి వైరు దడి కట్టాం.

సాయంత్రం ఆరు గంటలు

ఇక్కడ సాయంత్రం ఆరయితే కొవ్వూరులో పొద్దున్న ఆరున్నర. అత్తయ్య మొక్కలకు నీళ్ళు పోస్తూ వీడియోలో మామయ్యకు వంట చెప్పేవారు. “గ్లాసు బియ్యానికి రెండు గ్లాసులండీ. చెయ్యి పెట్టి చూడకండి, కొలవండి” అని ఇక్కడినుంచి కేకలు. మామయ్య జూన్ నాటికి పప్పు, చారు, వంకాయ వేపుడు నేర్చేసుకున్నారు.

అత్తయ్య గడువు జూన్‌తో అయిపోవస్తుంటే పొడిగింపుకి దరఖాస్తు పెట్టాం. ఫీజు 370 డాలర్లు, వేలిముద్రలకు ఇంకో 85. “నా మూలంగా ఇంత ఖర్చా” అని ఆవిడ రెండు రోజులు సరిగ్గా తినలేదు.

జూలై చివర్లో మామయ్యకు జ్వరం వచ్చింది. పరీక్ష చేశారు. ఫలితం రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ అత్తయ్య ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. పొద్దున లేచి పెరట్లోకి వెళ్ళేవారు. ఉన్న కలుపు తీసేశారు, లేని కలుపు వెతికారు. సొరపాదుకి కొత్త పందిరి కట్టారు. సాయంత్రం చీకటిపడే వేళ తెల్లగా విచ్చిన మగపువ్వు తుంచి, ఆడపువ్వుకి అద్దుతూ అక్కడే నిలబడేవారు. నేను పక్కన నిలబడ్డాను తప్ప ఏమీ అడగలేదు. ఐదో రోజు ఫోన్ వచ్చింది, కరోనా కాదు, మామూలు జ్వరమే అని. అత్తయ్య కొంగుతో మొహం తుడుచుకుని, “ఆ రెండు పిందెలూ నిలబడ్డాయే అమ్మాయ్” అన్నారు.

ఆ తీగకి ఈ ఏడాది కాసినవి ఆ రెండు సొరకాయలే. ఇక్కడి చల్లటి రాత్రులకి సొర అంతకంటే ఇవ్వదు.

లెక్క చూసుకుంటే

మట్టి, కంపోస్టుకి 58 డాలర్లు, దడి వైరుకి 18, టమాటా నారుకీ మిగతా విత్తనాలకీ 20. మొత్తం 96. ఇంట్లోకి కోసుకున్నవన్నీ క్యాలెండర్ మీద రాసి షాపు ధర వేశాను. ఆకుకూరలు 150, టమాటాలు 40, మిగతావి 20, కలిపి 210 డాలర్లు. ఆరు నెలలకి మిగిలింది 114. నెలకు 19 డాలర్లు. వంటింట్లో జాగ్రత్త వల్ల మిగిలింది నెలకు 270. డబ్బు కోసమే తోట వేయాలనుకునే వాళ్ళు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. చోటు తక్కువైతే ఆకుకూరలే వేయండి, అవే గిట్టుబాటు.

అయితే తోట వేరే పని చేసింది. సెప్టెంబరులో కార్చిచ్చుల పొగ కమ్మి దాదాపు వారం రోజులు కిటికీలు తెరవలేకపోయినప్పుడు, పెరట్లోకి వెళ్ళలేని బాధ మా అందరిలో కనబడింది. బడి లేని మా అమ్మాయికి అది లేబరేటరీ. ఉద్యోగం బెంగతో ఉన్న మా వారికి, మీటింగుకీ మీటింగుకీ మధ్య పది నిమిషాలు ఊపిరి. మొగుడు ఒక ఖండంలో, తాను ఒక ఖండంలో ఉన్న అత్తయ్యకి, చేతులకు పని.

సెప్టెంబరు చివరికి జీతంలో కోత పోను రెండు నెలల అద్దె విడిగా దాచగలిగాం. 60 రోజులన్న మాట వింటే ఇప్పుడు గుండె అంత గట్టిగా కొట్టుకోదు. కాంట్రాక్టు డిసెంబరు దాకా పొడిగించారు. ఆ తర్వాత సంగతి తెలియదు. అక్టోబరు మొదటి వారంలో అత్తయ్య వందే భారత్ విమానంలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఢిల్లీ మీదుగా బయలుదేరారు. ఇల్లు చేరాక మామయ్య చేసిన వంకాయ వేపుడు తిన్నారట. “ఉప్పెక్కువైంది, చెప్పలేదు” అని నాకు మాత్రం చెప్పారు.

మీది మా లాంటి చల్లటి ఊరైతే, అక్టోబరులో చేయదగ్గ పని ఒకటుంది. వెల్లుల్లి రెబ్బలు విడదీసి, మొన పైకి ఉండేలా రెండంగుళాల లోతున, ఆరంగుళాల ఎడంగా పాతి, పైన రాలిన ఆకులు కప్పండి. చలికాలమంతా వాన చూసుకుంటుంది, మీరు పట్టించుకోనక్కర్లేదు. వచ్చే జూలైకి గడ్డలు తయారవుతాయి. మేము మొన్ననే నలభై రెబ్బలు పాతాం. జూలైకి మేమీ ఇంట్లో ఉంటే మేమే తవ్వుకుంటాం, లేకపోతే మా తర్వాత వచ్చేవాళ్ళు తవ్వుకుంటారు.