కొత్త డిస్కుకు ఒక రాత్రి

లగ్గాల సీజన్ వస్తే మండల కేంద్రాల్లో ఫొటో స్టూడియోలకు తీరిక ఉండదు. పాలకుర్తి అయినా అంతే. రెండు కెమెరాలు, పైన ఒక డ్రోన్, ఒక్క పెళ్లికే వందల జీబీలు. తెల్లారితే మెమరీ కార్డులు ఇంకో పెళ్లికి కావాలి. అందుకే కొత్త హార్డ్ డిస్కు డబ్బా విప్పీ విప్పగానే క్విక్ ఫార్మాట్ కొట్టి, కార్డులు అందులోకి ఖాళీ చేసేస్తారు. ఈ తొందరే తప్పంటాను.

కాకతీయుల కాలపు కవి పాల్కురికి సోమనాథుడి ఊరిది. అప్పట్లో తాటాకు కూడా చెట్టు దిగి నేరుగా గంటం కిందికి రాలేదు. ఆరబెట్టి, సమంగా కోసి, తాడుకు చిల్లు పెట్టాకే రాత మొదలయ్యేది.

డిస్కునూ అలాగే సిద్ధం చేసుకోవాలి. దాని మీద ట్రాకులు, సెక్టార్లు ఫ్యాక్టరీలోనే వేసి పంపుతారు. మనం ముందు తేల్చుకోవాల్సింది విభాగాల పట్టిక. విండోస్ ఎంబీఆరా, జీపీటీనా అని అడుగుతుంది. ఎంబీఆర్ 1983 నాటిది, మామూలుగా 2 టీబీలు దాటి చూడలేదు. 4 టీబీల డిస్కు కొని దాన్ని ఎంచుకుంటే సగం స్థలం చేతికి రాదు. జీపీటీ తన పట్టిక నకలు ఒకటి డిస్కు చివర కూడా దాస్తుంది. ఇక ఆలోచించే పనేముంది?

తర్వాత ఫైల్ సిస్టమ్. ఫ్యాట్32లో 4 జీబీలు మించిన ఫైలు పట్టదు, పెళ్లి వీడియోకు అది పనికిరాదు. విండోస్ ఒక్కటే వాడితే ఎన్‌టీఎఫ్ఎస్, మ్యాక్ కూడా ఉంటే ఎక్స్‌ఫ్యాట్. (1 టీబీ డిస్కు 931 జీబీలే చూపిస్తే దుకాణదారుతో పంచాయితీ వద్దు. కంపెనీ వెయ్యితో లెక్కిస్తుంది, విండోస్ 1024తో.)

అసలు సంగతి ఫార్మాట్ దగ్గరుంది. క్విక్ ఫార్మాట్ కొత్త ఫైళ్ల పట్టిక రాసి ఊరుకుంటుంది, డిస్కు బాగుందో లేదో చూడదు. పూర్తి ఫార్మాట్ విండోస్ విస్టా నుంచి డిస్కంతటా సున్నాలు రాస్తుంది. తిరిగే డిస్కు 4 టీబీలదైతే ఆరేడు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. రాత్రి ఇన్వర్టర్ మీద పెట్టి పడుకోండి. పాడైన సెక్టార్లు బయటపడితే ఆ పూటే బయటపడాలి. డిస్కు ఖాళీగానే ఉంది, బిల్లు జేబులోనే ఉంది, మార్చుకోవచ్చు. తలంబ్రాలు అందులోకి ఎక్కాక తెలిస్తే పెళ్లివారికి ఏం చెబుతారు? ఎస్ఎస్‌డీకి ఈ జాగారం అక్కర్లేదు. క్విక్ ఫార్మాట్ చేసి, ఒక పెద్ద ఫైలు ఎక్కించి, తిరిగి తెరిచి చూస్తే చాలు.

ఒక హెచ్చరిక. పాత డిస్కు తగిలించినప్పుడు విండోస్ ‘ఇనిషియలైజ్ చేయాలా?’ అని అడిగితే సరే అనకండి. విభాగాల పట్టిక చెడిపోయినా అదే ప్రశ్న వేస్తుంది. లోపలి ఫైళ్లు అప్పటికి భద్రంగానే ఉండొచ్చు.

చివరగా పేరు. విండోస్ ప్రతి డిస్కుకూ ‘న్యూ వాల్యూమ్’ అనే పెడుతుంది. అలాంటివి అల్మరాలో పది పోగయ్యాక ఏది ఖాళీదో, ఏది ఎవరి లగ్గమో తెలియదు. సంవత్సరం, నెల, వరుస నంబరు తెర మీద పెట్టి, అదే డిస్కు మీద కూడా అంటించండి.