సిలువ ప్రసంగములో 'యూదులు': ఐరోపా యూదు ద్వేష చరిత్ర, మన సంఘాలకు హెచ్చరిక

ఉపోద్ఘాతము

శ్రమల కాలం రాగానే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల సంఘాల్లో సిలువ ధ్యానాలు మొదలవుతాయి. శుభ శుక్రవారం నాడు ఏడు మాటలకు ఏడుగురు ప్రసంగీకులు లేస్తారు. ఆ మూడు గంటల్లో 'యూదులు' అనే మాట పదే పదే వినబడుతుంది. యూదులు ప్రభువును పట్టించారు, యూదులు కేకలు వేశారు, యూదులు సిలువ వేయించారు అని చెబుతాం. ఈ పట్టణాల్లో యూదుల పేట లేదు, సమాజమందిరం లేదు. కనుక ఆ మాటల వలన ఎవరికీ నష్టం లేదని అనుకుంటాం.

ఐరోపా చరిత్ర తెలిసిన కాపరి అలా అనుకోలేడు. క్రైస్తవ ఐరోపాలో యూదు ద్వేషం ప్రసంగంగా మొదలై, శాసనంగా మారి, చివరికి సామూహిక హత్యకు దారి ఇచ్చింది. ఆ క్రమాన్ని వివరించి, మన ప్రసంగ వేదికకు దానితో గల సంబంధాన్ని చూపడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

1. ఇంటి తగాదా బయటివారి నిందగా మారుట

యేసు యూదుడు. ఆయన తల్లి, పన్నెండుమంది శిష్యులు, పౌలు అందరూ యూదులే. క్రొత్త నిబంధనలోని ఘాటైన మాటలు మొదట ఒకే ఇంటివారి మధ్య నడిచిన తగాదాలోనివి. అన్నదమ్ములు ఒకరినొకరు అనుకున్న మాటను పొరుగువాడు పట్టుకొని అంటే దాని అర్థమే మారిపోతుంది. క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయం కూలింది. తరువాతి కాలంలో సంఘంలో అన్యజనులు అధికులయ్యారు. తగాదా మాటలు పొరుగువాడి నోట నిందగా మారాయి.

రెండవ శతాబ్దంలో సార్దీస్‌కు చెందిన మెలితో, తన పస్కా ప్రసంగంలో, ఇశ్రాయేలు దేవుణ్ణే చంపిందని నేరం మోపాడు. 386-387 సంవత్సరాలలో అంతియొకయలో యోహాను క్రిసోస్తోము యూదులకు విరోధంగా ఎనిమిది ప్రసంగాలు చేశాడు. తన సంఘస్థులు యూదుల పండుగలకు వెళ్లడం ఆయనకు నచ్చలేదు. అంటే సామాన్య విశ్వాసులు పొరుగువారితో కలిసిమెలిసే ఉన్నారు. వారిని వేరుచేయడానికే ఆ దూషణ అవసరమైంది. యూదులను చంపరాదు గాని, లేఖనాలకు సాక్షులుగా వారు అణగి ఉండాలని అగస్టీను బోధించాడు. 438లో రోమా చక్రవర్తి శాసనం యూదులను ప్రభుత్వ పదవుల నుండి తొలగించి, క్రొత్త సమాజమందిరాలు కట్టడాన్ని నిషేధించింది. ప్రసంగంలోని అభిప్రాయం అప్పటికి చట్టమైంది.

2. గుర్తు బట్ట, గోడ, బహిష్కరణ

1096లో మొదటి సిలువ యుద్ధానికి బయలుదేరిన మూకలు రైన్ నదీ తీరంలోని వర్మ్స్, మైంజ్ నగరాల్లో యూదులను ఊచకోత కోశాయి. స్పైయర్ నగరంలో మాత్రం అక్కడి బిషప్పు చాలామందిని కాపాడాడు. ఒక కాపరి నిలబడితే ఏమి జరుగుతుందో అదే సంవత్సరం చూపింది. 1144లో ఇంగ్లాండులోని నార్విచ్‌లో విలియం అనే బాలుడు చనిపోతే, యూదులే బలి ఇచ్చారని తరువాత కథ అల్లారు. ఆ అబద్ధం శతాబ్దాల పాటు ఊరూరా తిరిగింది.

1215లో నాలుగవ లాతరన్ మహాసభ యూదులు వేరుగా కనబడే దుస్తులు ధరించాలని ఆజ్ఞాపించింది. ఇంగ్లాండు 1290లో, ఫ్రాన్సు 1306లో, స్పెయిను 1492లో వారిని వెళ్లగొట్టాయి. 1348లో మహామారి వ్యాపించినప్పుడు యూదులు బావుల్లో విషం కలిపారన్న పుకారు లేచింది. యూదులు కూడా అదే తెగులుతో చస్తున్నారు కదా అని ఆరవ క్లెమెంటు పోపు ఖండించినా వినలేదు. 1349 ఫిబ్రవరి 14న స్ట్రాస్‌బర్గ్‌లో వందలాది యూదులను కాల్చివేశారు. అప్పటికి ఆ ఊరికి తెగులు రానేలేదు. 1516లో వెనిస్ నగరం వారిని ఒక్క పేటకు పరిమితం చేసి రాత్రి పూట తలుపులు మూసింది. 'ఘెట్టో' అనే మాట అక్కడిదే.

మన సంఘాల్లో అధిక భాగం ఊరి బయటి వాడల నుండి వచ్చినవారు. వేరే పేట, వేరే గుర్తు, ముట్టరాని బావి, పుకారు పుడితే ముందుగా అనుమానింపబడటం: ఇవి వారికి పుస్తకంలో చదివి నేర్చుకోవలసిన సంగతులు కావు. రెండు అన్యాయాల మూలాలు ఒకటి కావు. ఇక్కడ శుద్ధి, అశుద్ధి అనే కుల సిద్ధాంతం. అక్కడ క్రీస్తును చంపినవారనే మత సిద్ధాంతం. అయినా మనిషిని పుట్టుకతో దోషిగా నిలబెట్టే పద్ధతి రెండింటిలోనూ కనిపిస్తుంది.

3. వడ్డీ వ్యాపారి బొమ్మ

వడ్డీ వ్యాపారిని పత్రికల్లో 'షైలాక్' అని రాయడం మనకు అలవాటే. ఈ పేరు షేక్స్‌పియర్ నాటకంలోని యూదు పాత్రది. ఆయన దానిని 1590లలో రాశాడు. అప్పటికి యూదులను వెళ్లగొట్టి మూడు వందల ఏళ్లు గడిచాయి. ఇంగ్లాండులో బహిరంగంగా బ్రతికే యూదు సమాజమే లేదు. యూదులు లేనిచోట కూడా యూదు ద్వేషం బ్రతకగలదని దీనివలన తెలుస్తుంది. మన ప్రాంతానికి ఈ సంగతి సూటిగా వర్తిస్తుంది.

ఆ బొమ్మ ఎలా పుట్టింది? చాలాచోట్ల యూదులకు భూమి దక్కనివ్వలేదు. చేతిపనుల వారి సంఘాలు క్రైస్తవులకే పరిమితమయ్యాయి. క్రైస్తవులు వడ్డీకి ఇవ్వరాదని సంఘం నిషేధించింది. రాజులకు మాత్రం అప్పు కావాలి. మిగిలిన ఆ పనిలోకి కొందరు యూదులను నెట్టి, వారి దగ్గర రాజులు భారీగా పన్నులు గుంజారు. ప్రజల కోపం రాజు మీదికి పోకుండా వారి మీదికి పోయింది. 1190 మార్చిలో యార్క్ నగర కోటలో తలదాచుకున్న సుమారు 150 మంది యూదులు నశించారు. తరువాత ఆ మూక నేరుగా పెద్ద గుడికి వెళ్లి అక్కడ భద్రపరచిన అప్పు పత్రాలను కాల్చివేసింది. మరమగ్గాల ఊరైన సిరిసిల్లలో అప్పుల బాధ ఏమిటో చెప్పనవసరం లేదు. బాకీపడినవాడి బాధ నిజమే. ఆ బాధను ఒక జాతి మీదికి మళ్లించడమే పాపం.

4. లూథరు, జాతివాదము

1523లో యేసుక్రీస్తు యూదుడిగా పుట్టాడని రాసి, వారిపట్ల దయ చూపమని కోరిన మార్టిన్ లూథర్, వారు మారలేదన్న కోపంతో 1543లో కఠినమైన గ్రంథం రాశాడు. వారి సమాజమందిరాలను, ఇండ్లను తగులబెట్టమని, ప్రార్థన గ్రంథాలను లాక్కోమని అందులో సలహా ఇచ్చాడు. 1842లో హేయర్ దొర గుంటూరులో అడుగుపెట్టిన నాటినుండి లూథరన్ బోధ తెలుగు నేల మీద ఉంది గనుక ఈ అధ్యాయాన్ని మనం దాటవేయరాదు.

పంతొమ్మిదవ శతాబ్దంలో ద్వేషం వేషం మార్చింది. 1879లో విల్‌హెల్మ్ మార్ జర్మనీలో యూదు వ్యతిరేక సంఘం స్థాపించి, మతాన్ని పక్కనబెట్టి 'జాతి' అనే మాట ముందుకు తెచ్చాడు. పాత ద్వేషంలో బాప్తిస్మం ఒక ద్వారంగా ఉండేది. ఇప్పుడు అదీ మూసుకుంది. 1935 నూరెంబర్గ్ చట్టాలు తాతల మతాన్ని బట్టి యూదుడెవరో తేల్చాయి. 1938 నవంబరు 9, 10 తేదీల్లో జర్మనీ అంతటా సమాజమందిరాలు తగులబడ్డాయి. పదవ తేదీ లూథరు జన్మదినం. ఆ కలయికను ప్రశంసిస్తూ తురింగియా బిషప్పు మార్టిన్ సాసె ఒక కరపత్రం వెలువరించాడు. హిట్లరును ఎదిరించిన సంఘం 1934లో చేసిన బార్మెన్ ప్రకటన సైతం యూదుల గురించి ఒక్క మాట పలకలేదు. 1945 నాటికి సుమారు 60 లక్షల యూదులు హతులయ్యారు.

నాజీల జాతివాదం, క్రిసోస్తోము ప్రసంగం ఒకటే అనడం సరికాదు. అయితే పొరుగువాడిని ఈడ్చుకుపోతుంటే కిటికీ మూసుకున్నవారు పదిహేను వందల సంవత్సరాల పాటు ఆ ప్రసంగాలు వింటూ వచ్చిన సంఘపు బిడ్డలే.

5. మన ప్రసంగ వేదిక

1965లో రెండవ వాటికన్ మహాసభ, క్రీస్తు మరణ దోషాన్ని నాటి యూదులందరి మీద గాని నేటి యూదుల మీద గాని మోపరాదని ప్రకటించింది. అమెరికాలోని ఇవాంజెలికల్ లూథరన్ సంఘం 1994లో లూథరు ఆ రచనలను తిరస్కరించింది. తెలుగు కాపరి చేయవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, పేర్ల జాగ్రత్త. మన బైబిలులో యాకోబు కుమారుడు యూదా, పత్రిక రాసిన యూదా, ప్రభువును అప్పగించిన ఇస్కరియోతు యూదా, ముగ్గురికీ ఒకే పేరు. దాని ప్రక్కనే 'యూదులు' అనే మాట. వినేవారి చెవిలో ద్రోహి పేరు జాతి పేరుతో కలిసిపోతుంది. ఎవరి గురించి చెబుతున్నామో విడమరచి చెప్పాలి.

రెండవది, యోహాను సువార్త 7:13 వంటి చోట్ల జనులు 'యూదులకు' భయపడ్డారని ఉంది. భయపడినవారూ యూదులే. అక్కడ ఆ మాటకు యెరూషలేము అధికారులని అర్థం. సందర్భానుసారంగా 'ప్రధాన యాజకులు', 'అధికారులు' అని చెబితే వాక్యానికి అన్యాయం జరగదు.

మూడవది, సిలువ రోమా శిక్ష. అపొస్తలుల విశ్వాస ప్రమాణం ప్రభువు శ్రమలకు సంబంధించి పొంతి పిలాతు పేరు మాత్రమే చెబుతుంది. మత్తయి 27:25లోని జనసమూహపు కేకను తరతరాల శాపంగా బోధించరాదు. మన ఏడు మాటల్లో మొదటిది క్షమాపణ ప్రార్థన. ఆ మాట మీద ప్రసంగించి కూర్చున్న తరువాత రెండవ ప్రసంగీకుడు లేచి శాపం పలకడం ఎలా పొసగుతుంది?

నాల్గవది, రోమా 11. అడవి ఒలీవ కొమ్మ వేరు మీద అతిశయపడరాదు. ఇజ్రాయెలు దేశాన్ని ఆకాశానికెత్తే కాపరే శుభ శుక్రవారం యూదులను దూషించడం కూడా మనకు తెలుసు. రెండింటిలోనూ యూదుడు మామూలు మనిషిగా కనబడడు.

ముగింపు

యూదులు మనకు దూరంగా లేరు. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో 'బెనె ఎఫ్రాయిము' అనే తెలుగు సమాజం ఉంది. మాదిగ కుటుంబాలకు, అంతకుముందు క్రైస్తవ సంఘాలకు చెందిన వీరు తాము ఇశ్రాయేలు సంతతి అని చెప్పుకొని, 1991లో సమాజమందిరం స్థాపించుకున్నారు. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాదు ప్రాంతాల నుండి గల్ఫుకు వెళ్లినట్టే కొందరు ఇజ్రాయెలుకు వెళ్లి, అక్కడి వృద్ధుల ఇళ్లలో కేర్‌గివర్లుగా పనిచేస్తున్నారు. మన ఊరివారు అన్నం తినిపించి, చేయి పట్టి నడిపించే ఆ ముసలివారిలో ఐరోపా మారణహోమం నుండి బ్రతికి బయటపడినవారు, వారి పిల్లలు ఉండవచ్చు. అలాంటి ఇంటి బిడ్డ సెలవు మీద వచ్చి మన గుడిలో శుభ శుక్రవారం కూర్చుంటే, తాను సేవచేసే మనిషి గురించి మన నోట ఏమి వినాలి? వచ్చే శ్రమల కాలానికి ప్రసంగం సిద్ధపరచుకునే ప్రతి కాపరి ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి.